స్వామ్యము లేని భోగము

కొన్ని సంవత్సరముల క్రిందట, హైదరాబాదు నగరమున ఒక దేవాలయ మంటపమునందు పురాణకాలక్షేపము ముగిసి, తీర్థప్రసాదములు పంచుచుండగా, శ్రోతలలోనుండి నడివయస్సు గృహస్థుడొకడు లేచి, చేతులు జోడించి, ప్రవచనము చేసిన పెద్దలను ఒక సందేహ మడిగెను.

"అయ్యగారూ, నాది చిన్న నౌకరి. ఐతారం వస్తే పిల్లలను తీస్కొని ట్యాంక్‌బండ్ మీదికి పోత. ఎండాకాలం ముంజలు తినిపిస్త, చలికాలం నుమాయిష్ చూపిస్త. పెద్ద ఖర్చేం గాదు. గని ఆ రోజంత మనసు నిండుగుంటది. పూజకు లేని టైము దీనికెట్ల దొరుకుతదని మా నాయిన కోప్పడ్తడు. ఇది తప్పంటరా?"

పెద్దలు సాత్త్వికులు, ఆతని నొప్పింపలేదు. "తప్పని అనను నాయనా. కాని ఇంద్రియసుఖం ఎంత చౌకదైనా ఇంద్రియసుఖమే. ఆ సమయం భగవంతునికి దక్కవలసింది" అని మాత్రము చెప్పిరి. ఆతడు తలయూచి కూర్చుండెను. ఆతని ప్రక్కన దొన్నెలోని పులిహోరను ఒక్కొక్క మెతుకే తినుచున్న చిన్నపిల్ల తండ్రి ముఖమును, పెద్దల ముఖమును మార్చి మార్చి చూచెను. ఆ చూపు నాకు నేటికిని మరపునకు రాలేదు. ఆ సమాధానము సరియైనదేనా యని ఆనాటినుండి నాలో నేను తర్కించుకొనుచునే యున్నాను. సరియైనది కాదని ఇప్పుడు నిశ్చయముగా తోచుచున్నది. ఏల తోచుచున్నదో చెప్పుటకే ఈ వ్యాసము.

మొదట ఒక సంగతి గుర్తుచేసికొనవలెను. మన ధర్మము మనుష్యుని ఇంటిలో కూర్చుండి జపము చేసికొమ్మని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. ఏటికి పలుమారులు చేయి పట్టుకొని గడప దాటించి బయటికి తీసికొనిపోయినది. జాతర యను మాట యాత్రా శబ్దమునకు తద్భవము. ఆషాఢమున బోనమెత్తుకొని నడచుట, కార్తికమున ఉసిరిచెట్టు నీడను వండుకొని తినుట, సంక్రాంతికి ఆకాశము క్రింద నిలుచుట, ఇవన్నియు శాస్త్రమో ఆచారమో విధించిన బాహ్యసంచారములే గాని, దొంగతనముగా చేసికొన్న విలాసములు కావు. కార్తిక వనభోజనమునకు మించిన చౌకవిహారము ఏది? చెట్టు ఎవరిదో, నీడ ఎవరిదో. మనము తీసికొనిపోవునది బియ్యము, పప్పు, నాలుగు కూరగాయలు. ఆ భోజనమును కార్తిక మాహాత్మ్యము పుణ్యకార్యముగా కీర్తించుచుండగా, ట్యాంకుబండు మీద పిల్లలకు మొక్కజొన్న పొత్తు కొనియిచ్చిన తండ్రి మాత్రము భగవంతుని కాలమును దొంగిలించినవా డెట్లగును? ఇచ్చట ఒక మాట చెప్పక ఉండలేను. నేటి మహానగరములో వనభోజనములు కులముల పేర బ్యానర్లు కట్టుకొని జరుగుచున్నవి. ఉసిరిచెట్టు తన నీడకు వచ్చినవాని ఇంటిపేరు అడుగదు. చెట్టు క్రింద కూర్చుండియు చెట్టువలన ఆ పాటి నేర్చుకొనకపోవుట మిక్కిలి విచారకరము.

ఇక అసలు ప్రశ్నకు వచ్చెదను. పెద్దలు పలికిన మాటలో ఒక బలము కలదు. దానిని తేలికగా త్రోసివేయరాదు. సుఖము మనుష్యుని బంధించును, బంధించునది మోక్షమునకు విరోధి, కావున సుఖము నుండి తొలగవలెనని వారి భావము. కాని సుఖము ఏ ద్వారమున బంధించును? నేను చూచినంతలో, అనుభవించినందువలన కంటె దాచుకొనవలెననియు, మరల కావలెననియు, ఇతరునికి లేకుండ నాకే కావలెననియు కోరుటవలన బంధించును. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రము త్యాగముచేతనే భోగమును పొందుమనియు, ఇతరుల ధనము నాశింపవలదనియు ఉపదేశించినది. ఆ మంత్రములోని క్రియకు శంకర భగవత్పాదులు అనుభవించుట యను అర్థమును గ్రహింపక, పాలించుట యను అర్థమును గ్రహించి, త్యాగముచేత ఆత్మను రక్షించుకొనుమని వ్యాఖ్యానించిరి. భుజ్ ధాతువునకు రెండర్థములును కలవు. ఒకే ధాతువు రక్షణమును, అనుభవమును చెప్పుట నాకు చాలకాలము వింతగా తోచెడిది. ఇప్పుడు తోచుటలేదు, ఎందువలననో ముందు చెప్పెదను.

త్యాగముతో కూడిన భోగము ఎట్లుండునో నాకు పుస్తకముకంటె ముందు తాటిముంజ నేర్పినది. ఎల్బీనగరు దాటిన తరువాత రోడ్డు ప్రక్కన, వేపచెట్టు క్రింద, గెలలు కుప్పపోసికొని ఒక ముసలమ్మ ప్రతి వేసవియందును కూర్చుండెడిది. కత్తితో కాయ తల నరికి, బొటనవ్రేలితో మూడు కన్నులలోని మూడు ముంజలను చెదరకుండ పైకి తీసి, తాటాకులో పెట్టి ఇచ్చెడిది. నోటిలో వేసికొనగానే లోపలి చల్లని నీరు చిట్లును. రోహిణికార్తె ఎండలో ఆ ఒక్క గ్రుక్కెడు నీటికొరకు మనుష్యుడు ఏడాది ఎదురుచూడవచ్చును. ఒకనాడు నేను పోవుసరికి కుప్ప చిన్నదై యున్నది. "రేపు గూడ వస్తవా అవ్వా?" అని అడిగితిని. "ఇగ రాను బిడ్డా. కాయ ముదిరింది. మల్ల వచ్చే ఏడే" అని ఆమె కత్తి తుడుచుకొనెను. ఆమె మాటలో విచారము లేదు. పంచాంగము చదివినట్లు చెప్పినది. నాకును కొంచెము దిగులు కలిగినమాట నిజమేకాని, ఆ దిగులులో రోషము లేదు. ముంజను ఎవరు దాచగలరు? ధనవంతుని ఇంటిలోను ముదిరిన కాయ ముదిరిన కాయయే.

ఋతుసంబంధమైన భోగమునందలి రహస్యము నాకిక్కడ దొరికినది. మనము వదలుకొనుటకు శక్తిలేనివారము. కనుక వదలుకొనుట యను సగము పనిని ఋతువే మనకొరకు చేసిపెట్టుచున్నది. ఇచ్చునదియు అదియే, సమయము వచ్చినపుడు చేతిలోనుండి మెల్లగా తీసికొనునదియు అదియే. పండ్రెండు నెలలును నగరములో దొరకు ఆపిలుపండు కొరకు ఎదురుచూచినవారిని నేను చూడలేదు. చెంతనే యున్నదానికి నిరీక్షణ యుండదు, నిరీక్షణ లేనిచోట వ్రతము లేదు. నేరేడుపండు మృగశిరనాటికి వచ్చి వానలతో పోవును. సీతాఫలము మహబూబునగరు అడవులనుండి గంపలలో దిగి దీపావళి దాటిన కొలది దినములకు మాయమగును. వీనికొరకు కాచుకొనుట, వచ్చినపుడు కృతజ్ఞతతో తినుట, పోయినపుడు పోనిచ్చుట, ఈ మూడును నేర్చిన మనస్సు జపమునకు కూర్చుండినపుడు ఇతర మనస్సులకంటె తక్కువగా పరుగులిడునని నా అనుభవము. ఋతువను మాటయు, విశ్వనియమమును తెలుపు ఋతమను మాటయు ఒకే ధాతువునుండి పుట్టినవని పండితులు చెప్పుదురు. అష్టాంగహృదయకారుడు సూత్రస్థానమునందు ఋతుచర్యకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించినాడు. శరీరమునకు ఋతువుననుసరించి నడచుట ధర్మమైనపుడు, సంతోషమునకు మాత్రము ఏల కారాదు?

తైత్తిరీయోపనిషత్తులోని ఆనందమీమాంస ఈ విషయమున నాకు పరమప్రమాణము. యౌవనవంతుడు, సాధువు, విద్యావంతుడు, దృఢకాయుడు నగు ఒకనికి ధనసంపూర్ణమైన ఈ భూమి అంతయు స్వాధీనమైనచో కలుగు ఆనందమును అది ఒక కొలతగా గ్రహించి, దానికి నూరు రెట్లు మనుష్యగంధర్వులకు, దానికి నూరు రెట్లు దేవగంధర్వులకు నని చెప్పుచు, పితరులు, దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి మీదుగా బ్రహ్మానందము వరకు మెట్లెక్కించును. ఆ మెట్లయందు పదేపదే ఒక మాట వచ్చును: కామముచేత కొట్టబడని శ్రోత్రియునకును ఆ ఆనందమే కలదట. భూమి నంతయు సంపాదించుకొన్నవాడు మొదటి మెట్టు మీద ఉండగా, ఏమియు సంపాదించుకొనక, కోరిక లేక నిలిచినవాడు ప్రతి మెట్టు మీదను ఇంద్రునితో సమానముగా కూర్చుండుచున్నాడు. ఆనందమును స్వామ్యమునుండి వేరుచేసి తూచిన త్రాసు ఇంతకంటె సూక్ష్మమైనది నాకు కనబడలేదు. మంటపమునందలి ఆ చిన్న ఉద్యోగి శ్రోత్రియుడు కాడు, కామరహితుడును కాడు, నిజమే. కాని హుసేన్‌సాగరు గట్టున సాయంకాలపు గాలికి నిలిచి, ఆ గాలి తనదనక, ఆ నీరు తనదనక, పిల్లల భుజముల మీద చేతులు వేసి నిండిన మనస్సుతో నున్న ఆ గంటసేపు ఆతడు ఆ మెట్ల దారిలోనే ఉన్నాడని నేను నమ్ముచున్నాను.

ఈ నమ్మకమును నాలో దృఢపరచినది బతుకమ్మ. భాద్రపద బహుళ అమావాస్యనాడు, పెత్రమాసనాడు, ఎంగిలిపూలతో ఆరంభమై తొమ్మిది దినములు సాగి సద్దులతో ముగియు ఈ పండుగకు కావలసిన ముఖ్యద్రవ్యములు ఏవి? తంగేడు, గునుగు, బంతి, చామంతి, గుమ్మడిపూవు. వీనిలో తంగేడు బీడునేలల పొద. దానిని నాటినవా రెవ్వరు? గునుగు రైతు పీకి పారవేయు కలుపుమొక్క. ఎవరును విత్తనిది, ఎవరును వెల కట్టనిది, ఎవరికిని అక్కరలేనిది ఏదో అదియే దేవత యగుచున్నది. స్త్రీలు గునుగుపూలను కట్టలు కట్టి, చివరలను సరిచేసి, రంగులలో అద్ది, తాంబాళములో వలయము మీద వలయముగా పేర్చుటకు ఒక మధ్యాహ్నమంతయు శ్రమింతురు. శిఖరమున పసుపుగౌరమ్మను నిలిపి, దీపము వెలిగించి, చీకటిపడువేళ చుట్టును తిరిగి చప్పట్లు చరచుచు పాడుదురు. ఆ తరువాత, రెండు గడియలైన గడువకముందే, ఆ శిల్పమును తమ చేతులతోనే చెరువు నీటిలో విడిచిపెట్టుదురు.

నేను మొదటిసారి ట్యాంకుబండు మీద సద్దుల బతుకమ్మను చూచినపుడు, నా ముందు నిలిచిన ఒక ఇల్లాలు మెట్లు దిగి, తన బతుకమ్మను నీటిమీద నుంచి, అరచేతితో మెల్లగా ముందుకు త్రోసి, అది దీపముతో సహా తేలిపోవుచుండగా చూచుచు నిలిచినది. ఆమె ముఖమున దుఃఖము లేదు, గర్వము లేదు. తరువాత గట్టెక్కి, మలీద ముద్దను తెలిసినవారికిని తెలియనివారికిని పంచినది. నాకును ఒక ముద్ద దొరకినది. గృహస్థుడు సన్న్యాసమును అభ్యసింపదలచినచో ఇంతకంటె అందమైన పాఠశాల ఎచ్చట కలదు? మధ్యాహ్నమంతయు చేసికొన్నది సాయంకాలము నీటిపాలు. అయినను ఎవరును నష్టపోయితిమని ఏడ్వరు, మరునాడు మరల పూలు ఏరుకొనుటకు పోవుదురు. గీతయందు చెప్పబడిన ఫలత్యాగమును అక్షరము రాని స్త్రీలు ఆ పండుగ సాయంకాలములందు చేసి చూపుచున్నారు. దీనిని ఇంద్రియసుఖమని కొట్టివేయువారు ఒక్కసారి ఆ గట్టున నిలిచి చూడవలెను.

ఋతువును గూర్చి తలచునపుడు ఈ నగరము నాకు మరియొక విశేషమును చూపినది. హైదరాబాదు రెండు కాలగణనముల నగరము. మన పంచాంగము చాంద్రమాసములను గణించుచునే, పండ్రెండు నెలల చాంద్రసంవత్సరము సౌరసంవత్సరముకంటె సుమారు పదునొకండు దినములు తక్కువగుటచే, పందొమ్మిది సంవత్సరములలో ఏడు అధికమాసములను చేర్చి, పండుగలను వాని వాని ఋతువులకు కట్టివైచినది. ముసల్మానుల హిజ్రీ గణనమునందు అధికమాసము లేదు. కావున రంజాను ఏటేటికి వెనుకకు జరుగుచు, సుమారు ముప్పదిమూడు సంవత్సరములలో ఋతువులన్నిటిని చుట్టివచ్చును. ఒకరు దైవమును ఋతువునందు దర్శింతురు. మరియొకరు ఏ ఋతువునందైనను చలింపని ఉపవాసముతో దైవమును సేవింతురు. గ్రీష్మమున పదునాలుగు గంటలు నీరు ముట్టనివాడు ఖర్జూరముతో ఉపవాసము విరమించి చార్మినారు వీథులలోనికి వచ్చిన రాత్రి, ఆ దీపములు, ఆ గాజుల దుకాణములు, ఆ జనసందోహము, ఇవి ఎవని సొత్తు? కొనువాడు కొనును, కొననివాడు నడచును, నడచుటకు వెలలేదు. వ్రతము పూర్తియైన తరువాతి వీథివిహారము వ్రతమునకు కళంకమని ఆ మతస్థులును తలపరు. ఈ రెండు దారులను ఒకే నగరమున చూచుచు పెరుగుట మన పిల్లల భాగ్యము.

నుమాయిష్ సంగతి కొంచెము వేరు. అది అంగడి, అక్కడ కోరిక పుట్టించుటయే పని. అయినను దాని పుట్టుక గౌరవింపదగినది. 1938లో ఉస్మానియా పట్టభద్రుల సంఘమువారు రాష్ట్ర ఆర్థిక పరిశీలనకు ధనము సమకూర్చదలచి పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిన ఆ ప్రదర్శన, తరువాత నాంపల్లి మైదానమునకు మారి, జనవరి 1 నుండి నలుబదియారు దినములు సాగుట ఆచారమైనది. దాని ఆదాయముతో పలు విద్యాసంస్థలు నడచుచున్నవి. చలిలో మిర్చిబజ్జీ తినుచు కాశ్మీరు శాలువలను చేతితో తాకి చూచి, కొనకయే తిరిగివచ్చు కుటుంబములను నేను ఎన్నో చూచినాను. కొనలేకపోయినందుకు వారు చిన్నబుచ్చుకొనలేదు. అదే నెలలో ధూల్‌పేటలో చేసిన పతంగులు మేడల మీదనుండి లేచును. తెగిన పతంగి పట్టుకొన్నవానిది. దానికి దావా లేదు, దస్తావేజు లేదు. పది సంవత్సరముల బాలుడు మొదటి పతంగి తెగినపుడు ఏడ్చును, నాలుగవది తెగినపుడు నవ్వి దారము చుట్టుకొనును. ఆ మధ్యలో వానికి ఏమి తెలిసినదో పెద్దలమైన మనము ఆలోచింపవలెను.

ఇంతవరకు అనుభవించుటను గూర్చి చెప్పితిని. పాలించుటను గూర్చి చెప్పవలసియున్నది. భుజ్ ధాతువు రెండర్థములను ఏల మోయుచున్నదో నాకు హుసేన్‌సాగరు గట్టుమీదనే తెలిసినది. పదునారవ శతాబ్దమున ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున హుసేన్ షా వలీ కట్టించిన ఆ చెరువు ఎన్ని తరముల సాయంకాలములను చల్లబరచినదో చెప్పతరము కాదు. దాని నడుమ నేడు నిలిచియున్న బుద్ధవిగ్రహము 1990లో నావ ఒరిగి నీట మునిగి, రెండు సంవత్సరములకుపైగా అడుగున పడియుండి, 1992లో పైకి తీయబడి ప్రతిష్ఠింపబడినది. అట్టి చెరువు గట్టున గాలి వీచినపుడు ముక్కు మూసికొనవలసిన దినములను నేను చూచినాను. గునుగు, తంగేడు, పసుపు నీటిలో కలిసిపోవును. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోసి రసాయనపు రంగులు పూసిన గణపతి కలియడు. ఎవరి సొత్తును కానిదానిని అందరును అనుభవింపవచ్చును. కాని ఎవరి సొత్తును కాదను హేతువుచేతనే దానిని ఎవరును కాపాడనిచో ఆ భోగము దొంగతన మగును. అప్పుడు మాత్రము మంటపమునందలి పెద్దలు చెప్పినది సత్యమగును. చెరువుకు మురుగు వదలి, దాని గట్టున గాలి పీల్చుకొనువాడు త్యాగభోగములను రెంటిని ఎరుగడు.

మరియొక ఋణము కలదు. మనకు చౌకగా దొరకు సంతోషము వెనుక చౌకగా అమ్ముడుపోవు ఒక దేహము ఉండును. మన విహారదినము ముంజలమ్మకు కూలిదినము. మన పిల్లలు బుడగ కొనుక్కొను సాయంకాలము బుడగలమ్ము పిల్లవాడు తన చదువును ఇంటివద్ద విడిచివచ్చిన సాయంకాలము. సంతోషము స్వామ్యమును కోరదని వ్రాయుట నాకు సులభము. ఒక పూట సెలవు, బస్సు కిరాయి, పట్టెడన్నము లేనివానికి ఆ వాక్యము ఆకలి తీర్చదు. 2023 డిసెంబరు 9నుండి తెలంగాణలో స్త్రీలకు ప్రభుత్వ బస్సులలో కిరాయి లేకుండ ప్రయాణము లభించిన తరువాత, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు ఆదివారమునాడు ముగ్గురు నలుగురుగా చేరి గోలకొండ బోనాలకు, బిర్లామందిరమునకు పోవుటను నేను చూచుచున్నాను. మా వీథిలోని ఒకామె, నలుబది సంవత్సరములుగా ఈ నగరమున నుండియు, మొదటిసారి గోలకొండ మెట్లెక్కి జగదాంబకు బోనము సమర్పించి వచ్చి, పైనుండి నగరమంతయు కనబడినదని నాతో చెప్పెను. నలుబది సంవత్సరములు ఊడ్చిన నగరమును ఆమె ఆనాడు చూచినది. ఆ దర్శనమును ఇంద్రియసుఖమని పేరుపెట్టుటకు నా నోరు రాదు.

ఆ గృహస్థుడు ఇప్పు డెచ్చట నున్నాడో నాకు తెలియదు. ఆతని కుమార్తె పెద్దదై యుండును. ఆతడు ఈ పంక్తులను చదువుట తటస్థించినచో, ఆదివారములను మానుకొనవలదనియు, వీలైనచో ఈ సారి తండ్రిగారిని కూడ వెంటబెట్టుకొని పొమ్మనియు నా ప్రార్థన. తక్కిన పాఠకులకు ఒక్క మనవి. రాబోవు పెత్రమాసనాటి ఉదయమున, ఊరి బీళ్ళలో తెల్లవారకముందే ఏరి, మొదటి బస్సులో మూట వేసికొని వచ్చి, మీ వీథిమొగలో గునుగు కట్టలు పరచుకొని ఒక స్త్రీ కూర్చుండును. ఆమె చెప్పిన వెల ఇచ్చి పూలు తీసికొనుడు, బేరమాడకుడు.